మీకు తెలుసా? కలలో మోగిన వాద్యాలు

కలలో వీణ కనబడుతుంది, దానికి మెట్లుండవు. మద్దెల మీద చెయ్యి వేస్తే సన్నాయి పలుకుతుంది. కచేరీ మంచి రసపట్టులో ఉండగా వేదిక కాస్తా రైల్వే ప్లాట్‌ఫారం అయిపోతుంది. పక్కన మృదంగం వాయిస్తున్నాయన మన చిన్నప్పటి లెక్కల మాస్టారని అప్పుడు తెలుస్తుంది. పొద్దున లేచి ఎవరికైనా చెబుదామంటే ముక్కలు తప్ప కథ మిగలదు. ఆ ముక్కల్ని నమ్ముకునే సంగీతం కట్టినవాళ్లున్నారు, బొమ్మలు గీసినవాళ్లున్నారు, ప్రయోగాలు చేసినవాళ్లున్నారు. వాళ్లందరి అనుభవంలోనూ తేలేది ఒకటే: కల ఇచ్చేది బయానా, మిగతాది మెలకువలో రాబట్టుకోవాలి.

1. దెయ్యం చేతికి ఫిడేలు

ఇటలీ వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తార్తీనీకి 1713లో, అంటే 21 ఏళ్ల వయసులో, ఒక కల వచ్చింది. అందులో ఆయన దెయ్యంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఏమడిగితే అది చేసిపెడుతోంది. సరదాకి తన ఫిడేలు దాని చేతికిచ్చి వాయించమన్నాడు. అది వాయించింది వింటుంటే ఆయనకు ఊపిరి ఆడలేదు. మెలకువ వచ్చింది. గబగబా ఫిడేలు అందుకుని విన్నదాన్ని పట్టుకోవాలని చూశాడు.

అలా పుట్టిందే వయొలిన్ వాద్యకారులకు ఇప్పటికీ చెమటలు పట్టించే ‘దెయ్యపు గమకం’ సొనాటా. చివరి భాగంలో ఒక తీగ మీద వేలు స్వరాన్ని గడగడా కంపింపజేస్తూ ఉంటే, అదే చేతి మిగతా వేళ్లు పక్క తీగ మీద ఇంకో వరసను నడపాలి. ఈ కల కథను తార్తీనీ స్వయంగా ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లలాంద్‌కి చెప్పాడు. ఆయన తన ఇటలీ యాత్రాగ్రంథంలో రాసిపెట్టాడు. తాను రాసినవాటిలో ఇదే గొప్పదని తార్తీనీ ఒప్పుకున్నాడు గానీ, కలలో విన్నదానికి ఇది కాలిగోటికి సరిపోదని బాధపడ్డాడు. బతకడానికి ఇంకో దారి ఉంటే ఫిడేలు విరగ్గొట్టి సంగీతానికి దణ్ణం పెట్టేసేవాడినని కూడా అన్నాడట. ఆయన 1770లో పోయాడు. సొనాటా అచ్చయింది మాత్రం ఆ తర్వాత పాతికేళ్లు దాటాకే.

2. లేని స్వరాన్ని విన్నదీ ఆయనే

దెయ్యం కల వచ్చిన మరుసటి ఏడు, 1714లో, తార్తీనీ అంకోనా పట్టణంలో రెండు తీగలను ఒకేసారి గట్టిగా వాయిస్తూ ఉంటే, తాను వాయించని మూడో స్వరం ఒకటి కింది స్థాయిలో వినబడింది. ఇది కల కాదు, ఎవరైనా పరీక్షించుకోవచ్చు. సెకనుకు 600 కంపనాల స్వరాన్నీ 500 కంపనాల స్వరాన్నీ కలిపి గట్టిగా పలికిస్తే, తేడా అయిన 100 కంపనాల దగ్గర మంద్రంగా ఒక స్వరం తోస్తుంది. దాన్ని ప్రధానంగా తయారుచేసేది మన లోపలి చెవి. తన శిష్యులకు ఆయన దాన్నే కొలబద్దగా ఇచ్చాడు. మూడో స్వరం స్పష్టంగా వినబడితే ఆ రెండు తీగలూ శుద్ధంగా శ్రుతి కలిసినట్టే.

3. కలలో తల లెక్క

రష్యన్ స్వరకర్త ఈగోర్ స్ట్రావిన్‌స్కీ కలలో ఒక చిన్న గది. అందులో కొద్దిమంది వాద్యకారులు ఏదో ఇంపైనది వాయిస్తున్నారు. ఎంత చెవి ఒగ్గినా అది ఏమిటో అంతుపట్టలేదు, లేచాక ఒక్క స్వరమూ గుర్తులేదు. అయితే కలలోనే ఆయనకు ఒక కుతూహలం పుట్టింది: వీళ్లు ఎంతమంది? లెక్కపెట్టాడు, ఎనిమిది మంది. ఏమేం వాయిస్తున్నారు? మళ్లీ చూశాడు: బసూన్లు, ట్రాంబోన్లు, ట్రంపెట్లు, ఒక ఫ్లూటు, ఒక క్లారినెట్టు. మర్నాటి పొద్దున్నే రాయడానికి కూర్చున్నాడు. ఎనిమిది గాలి వాద్యాల ఆ ‘ఆక్టెట్’ 1923 అక్టోబరులో పారిస్‌లో మొదటిసారి వినిపించింది. కల ఆయనకు పాట ఇవ్వలేదు, వాద్యబృందం జాబితా ఇచ్చింది.

అంతకుముందు ఆయనకు దీనికి సరిగ్గా తిరగేసిన కల కూడా వచ్చింది. దారి పక్కన కూర్చున్న ఒక జిప్సీ యువతి ఒళ్లో బిడ్డను పెట్టుకుని, ఆ బిడ్డను ఆడించడానికి ఫిడేలు వాయిస్తోంది. కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగుతూ ఒకే చిన్న ముక్కను మళ్లీ మళ్లీ పలికిస్తోంది. ఈసారి ఆ ముక్క గుర్తుండిపోయింది. 1918లో వచ్చిన ‘సైనికుడి కథ’ నాటకంలో దాన్ని వాడుకున్నాడు.

4. నాలుగు హెలికాప్టర్లు, నాలుగు వాద్యాలు

కలను ఉన్నదున్నట్టు భూమ్మీదికి దించాలన్న పట్టుదల అందరికంటే ఎక్కువ చూపించింది జర్మన్ స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్. 1990ల మొదట్లో సాల్జ్‌బర్గ్ ఉత్సవం వాళ్లు ఆయనను రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోతో ఉండే చతుర్వాద్య కృతి రాయమన్నారు. ఆయనకు అలాంటివి రాయడం ఇష్టం లేదు. ఇంతలో కల వచ్చింది: నలుగురు వాద్యకారులు నాలుగు హెలికాప్టర్లలో ఎగురుతూ వాయిస్తున్నారు. సరే, ఇదైతే రాస్తానన్నాడు.

వాయిద్యాల మీద కమానును వణికిస్తూ లాగే వరసలే ఎక్కువ రాశాడు, హెలికాప్టరు రెక్కల దడదడలో అవి కలిసిపోవాలని. ఎవరి హెలికాప్టరులో వాళ్లు కూర్చుంటారు, పక్కవాడు వాయించేది వినబడదు. చెవుల్లో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో టిక్కుటిక్కుమనే తాళమే ఆధారం. నాలుగు వాద్యాల శబ్దమూ, నాలుగు రెక్కల శబ్దమూ మైకుల ద్వారా కిందికి చేరితే అక్కడ కలిపి శ్రోతలకు వినిపిస్తారు. సాల్జ్‌బర్గ్‌లో పర్యావరణవాదుల అభ్యంతరంతో 1994 ప్రదర్శన ఆగిపోయింది. చివరికి 1995 జూన్ 26న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆర్డిట్టి బృందం హాలండ్ వైమానిక దళ హెలికాప్టర్లెక్కి ఈ కలను వాయించింది. సుమారు అరగంట.

ఆయనకు ఇది మొదటి వాద్యాల కల కూడా కాదు. 1971లో ప్రదర్శించిన ‘ట్రాన్స్’ కృతి అంతా కలలో కనబడిన దృశ్యమే: ఊదా ఎరుపు వెలుతురులో పలచటి తెర, తెర వెనక వరసలుగా కూర్చుని కదలీ కదలకుండా కమాన్లు లాగే మనుషులు. మిగతా వాద్యాలు ఎక్కడో కంటికి ఆనకుండా మోగుతాయి. మధ్యమధ్యలో మగ్గం నాడె ఒక పక్కనుంచి ఇంకో పక్కకు విసిరినట్టు ‘టక్’మని చప్పుడు.

5. కలలో రాణి, పొదలో వీణ

కలనూ వాద్యాన్నీ పక్కపక్కన పెట్టిన నాటకం మనకు ఎప్పటినుంచో ఉంది. భాసుడి ‘స్వప్నవాసవదత్తం’లో వత్సరాజు ఉదయనుడు, భార్య వాసవదత్త మంటల్లో పోయిందనుకుంటాడు. నిజానికి ఆమె మారుపేరుతో అదే కోటలో ఉంటుంది. ఐదో అంకంలో రాజు నిద్రలో కలవరిస్తూ ఆమెను పలకరిస్తాడు. వేరెవరో పడుకున్నారనుకుని ఆ మంచం మీద కూర్చున్న వాసవదత్త జవాబులు చెబుతుంది! వేలాడుతున్న ఆయన చేతిని మంచం మీదికి సర్ది తప్పుకునే లోపు ఆయనకు మెలకువ వస్తుంది. చూసింది కలా నిజమా తేలదు.

ఆ తర్వాతి అంకంలో రాజు చేతికి వచ్చేది సాక్షాత్తూ ఒక వీణ. పేరు ఘోషవతి. ఏనుగులను లొంగదీసిన వీణ అది, వాసవదత్తకు ఆయన పాఠాలు చెప్పిన వీణ కూడా. నర్మదా తీరాన పొదలో చిక్కుకుని, పక్షులు పాడుచేసిన దండితో దొరుకుతుంది. కలలో చూసిన మనిషి చేజారింది, ఆమె ఒళ్లో ఉండే వాద్యం మాత్రం దొరికింది. రాజు ఆ వీణను పట్టుకునే ఏడుస్తాడు. ఎన్నో శతాబ్దాలు పేరు మాత్రమే మిగిలిన ఈ నాటకాన్ని తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి 1912లో అచ్చు వేయించారు.

6. త్యాగయ్య కల

తిరువయ్యారులో త్యాగరాజస్వామికి చివరి రోజుల్లో రాముడు కలలో కొండ మీద దర్శనమిచ్చి, పది రోజుల్లో తనను చేర్చుకుంటానని మాట ఇచ్చినట్టు సంప్రదాయం చెబుతుంది. సహాన రాగంలో ఆయన తెలుగు కృతి ‘గిరిపై నెలకొన్న’ ఆ దర్శనం గురించినదేనంటారు. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, ఆయన సిద్ధి పొందారు. ఆ తిథికే ఏటా ఆరాధనోత్సవాలు జరుగుతాయి.

7. బండిలో కునుకు, ఇండియా ప్రయాణం

జర్మన్ స్వరకర్త బేథోవెన్ కలలో మన దేశానికి వచ్చి వెళ్లాడు! 1821 సెప్టెంబరులో బాడెన్ నుంచి వియన్నాకు గుర్రబ్బండిలో వెళ్తూ కునుకు తీశాడు. కలలో సిరియా, అక్కణ్నుంచి ఇండియా, వెనక్కి తిరిగి అరేబియా, చివరికి జెరూసలేం. అక్కడ తన ప్రచురణకర్త టోబియాస్ హాస్లింగర్ పేరు మీద ఒక చిన్న పాట తట్టింది. అప్పటికే ఆయనకు చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. మెలకువ రాగానే ఆ పాట కూడా పోయింది. మర్నాడు అదే బండిలో తిరిగి వస్తూ, ఈసారి మెలకువగానే ఆ కలల యాత్రను మనసులో కొనసాగిస్తూ ఉంటే పాట మళ్లీ వచ్చి వాలింది. ఇక పారిపోనివ్వలేదు. జరిగినదంతా హాస్లింగర్‌కే ఉత్తరం రాసి, పాటను దానికి జతచేశాడు.

8. రాయకుండా వదిలేసిన సింఫనీ

ఫ్రెంచి స్వరకర్త హెక్టర్ బెర్లియోజ్‌కి ఒక రాత్రి కలలో సింఫనీ వినబడింది. లేచేసరికి మొదటి భాగం దాదాపు మొత్తం గుర్తుంది. శ్రుతి, లయ సహా. కాగితం ముందు కూర్చోబోయి ఆగిపోయాడు. మొదలుపెడితే పూర్తిచెయ్యకుండా ఉండలేడు. నెలల తరబడి పని, అన్నాళ్లూ పత్రికలకు వ్యాసాలు రాయలేడు, రాబడి ఆగిపోతుంది. వాద్యకారులందరికీ ప్రతులు రాయించాలి, హాలు అద్దె, కచేరీ ఖర్చు, ఆపైన అప్పు. ఇంట్లో భార్య హారియట్ మంచం పట్టి ఉంది. కలం పక్కన పెట్టేశాడు.

మరుసటి రాత్రి కలలో సింఫనీ పట్టువదలకుండా మళ్లీ వచ్చింది. పొద్దున మళ్లీ మనసు గట్టి చేసుకున్నాడు. ఆ తర్వాతి ఉదయానికి దాని ఆనవాలు కూడా లేదు. తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్న మనిషి, పాతికేళ్లు దాటిన కొత్తలోనే మత్తులో పడ్డ కళాకారుడి పీడకలను ‘సింఫనీ ఫాంటాస్టిక్’గా మలిచి పేరు తెచ్చుకున్నవాడే. అది 1830 నాటి మాట.

9. మునిగిపోతున్నట్టు ఒక శ్రుతి

1853 సెప్టెంబరులో ఇటలీలోని లా స్పెజియాలో, ఒంట్లో బాగోలేక హోటల్ గదిలో నడుం వాల్చిన జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్‌కి సగం నిద్రలో తాను పారే నీటిలో మునిగిపోతున్నట్టు అనిపించింది. ఆ నీటి హోరు ఈ-ఫ్లాట్ శ్రుతిలో వినబడిందని ఆయన ఆత్మకథ మాట. ‘రైన్‌గోల్డ్’ సంగీత నాటకం మొదట్లో వచ్చేది ఇదే: డబుల్ బాసుల అడుగు స్వరం, దాని మీద బసూన్లు, ఆపైన ఒకదాని వెంట ఒకటిగా ఎనిమిది కొమ్ములు. 136 ఆవర్తాల పొడవునా శ్రుతి మారదు. ఈ నీటి కల తర్వాత అల్లిన కథ కావచ్చని అనుమానించిన పండితులూ ఉన్నారు.

10. దేవతలు చెప్పిన పాట తనదే

1854 ఫిబ్రవరి 17 రాత్రి జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ పక్కమీంచి లేచి, దేవదూతలు చెబుతున్నారంటూ ఒక వరస రాసుకున్నాడు. తెల్లారేసరికి ఆ దేవదూతలే పులులూ దుమ్ములగొండ్లూ అయి మీదపడుతున్నాయన్నాడు. భార్య క్లారా డైరీలో ఇదంతా ఉంది. ఆ వరస మీద పియానోకి మార్పులు కూర్చుతూ ఉన్న రోజుల్లోనే, 27న, రైన్ నదిలో దూకాడు. పడవవాళ్లు కాపాడారు. మిగిలిన రెండేళ్ల బతుకు మానసిక చికిత్సాలయంలో గడిచింది. చిత్రం ఏమిటంటే, దేవదూతలు చెప్పారనుకున్న ఆ వరసను కొన్ని నెలల ముందు తన వయొలిన్ కన్‌చెర్టో మధ్యభాగంలో ఆయనే దాదాపు అలాగే రాశాడు. మనసు తన సొంత సరుకునే కొత్తదిగా చేతికిచ్చింది, ఆయన గుర్తుపట్టలేదు.

11. వాద్యాలే శిక్షలైన నరకం

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో హీరోనిమస్ బాష్ గీసిన మూడు పలకల చిత్రం ఉంది. సుమారు 1490కీ 1510కీ మధ్యది. కుడి పలకలోని పీడకలలాంటి నరకంలో వాద్యాలు మనుషుల కంటే పెద్దవి. ఒక పాపి హార్ప్ తీగల మధ్య శిలువ వేసినట్టు వేలాడుతున్నాడు. ఒకణ్ని పెద్ద డోలు లోపల పెట్టి పైనుంచి వాయిస్తున్నారు. చెట్టు మనిషి నెత్తిన గులాబి రంగు తిత్తి వాద్యం కూర్చుంది. ఇంకొకడి పిర్రల మీద స్వరలిపి రాసి ఉంది! 2014లో ఒక అమెరికా విద్యార్థిని ఆ స్వరాలను ఇప్పటి లిపిలోకి మార్చి వాయించి పెడితే లోకమంతా వింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బేట్ వాద్య సంగ్రహాలయం వాళ్లు బొమ్మలోని వాద్యాలకు నమూనాలు చేయించి చూశారు. వినసొంపుగా మాత్రం పలకలేదు.

12. పియానోల మీద గాడిదలు

ఒక మేఘం చందమామను కోసుకుంటూ పోయినట్టు స్పెయిన్ దర్శకుడు లూయిస్ బున్యుయెల్‌కి కల వచ్చింది. అరచేతి నిండా చీమలు పాకుతున్నట్టు చిత్రకారుడు సాల్వదోర్ డాలీకి వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని సినిమా తీద్దామనుకున్నారు. నియమం ఒకటే: దేనికీ కారణం చెప్పగలిగేలా ఉండకూడదు. 1929లో పారిస్‌లో వచ్చిన ‘అన్ షియెన్ అందాలూ’లో ఒకడు తాళ్లు భుజాన వేసుకుని రెండు పెద్ద పియానోలను ఈడుస్తుంటాడు. వాటి మీద చచ్చిన గాడిదలు, తాళ్లకు కట్టిన ఇద్దరు మతగురువులు. మూగ సినిమా కాబట్టి మొదటి ఆటకు బున్యుయెల్ తెర వెనక గ్రామఫోను దగ్గర నిలబడి, కాసేపు వాగ్నర్, కాసేపు టాంగో రికార్డులు మార్చి మార్చి పెట్టాడు.

13. బాకా ఊదితే రోగికి చేటు

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు స్వప్నశాస్త్రవేత్త ఆర్టెమిడోరస్ ఐదు సంపుటాల గ్రంథంలో వాద్యాల కలలకూ చోటిచ్చాడు. బాకా ఊదినట్టు కల వస్తే దూరమైనవాళ్లను కలవాలనుకునేవారికి మంచిదట, ఎందుకంటే బాకా పిలిచేది జనాన్ని పోగుచెయ్యడానికే. రోగికి మాత్రం చేటు. బాకా చేసేది ఎముకతోనూ కంచుతోనూ, పైగా అందులోంచి బయటికి వెళ్లిన ఊపిరి తిరిగి రాదు కదా అన్నాడు.

14. సంగీతపు పెట్టెతో కలకు కబురు

వాద్యంతో కలను నడిపించవచ్చా? 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఇద్దరు తమ మీద తామే ప్రయోగాలు చేసుకున్నారు. ఆల్‌ఫ్రెడ్ మోరీ తాను నిద్రపోతుంటే చెవి దగ్గర పట్టకారును కత్తెరతో కొట్టి మోగించమన్నాడు. కలలో చర్చి గంటలు మోగాయి, అవి కాస్తా ప్రమాద ఘంటికలయ్యాయి, చివరికి 1848 జూన్ నాటి పారిస్ తిరుగుబాటు మధ్యలో తేలాడు.

రెండో ఆయన ఎర్వే ద సాంద్ని ప్రభువు, చైనా భాషా పండితుడు. ఆయన పద్ధతి ఇంకా ముచ్చటైనది. ఆ కాలపు విందుల్లో తాను తరచు నాట్యం చేసే ఇద్దరు స్త్రీలను ఎంచుకున్నాడు. వాద్యబృందం నాయకుడితో రహస్యంగా మాట్లాడి, ఒకామెతో ఆడేటప్పుడల్లా ఒక వాల్ట్జ్ వరస, రెండో ఆమెతో ఆడేటప్పుడల్లా ఇంకో వరస వాయించేలా ఏర్పాటు చేసుకున్నాడు. తర్వాత ఆ రెండు వరసలూ పలికే సంగీతపు పెట్టెను అలారం గడియారానికి తగిలించి, తాను నిద్రలో ఉన్నప్పుడు మోగేలా పెట్టాడు. ఏ వరస మోగితే ఆ వరస మనిషే కలలోకి వచ్చేది. అయితే నాట్యశాలలోనే రావాలని లేదు, వేషం కూడా మారేది. మనిషిని పిలవడం వరకే పెట్టె పని, మిగతా కథ కల ఇష్టం. 1867లో అచ్చయిన ఆయన పుస్తకం, కలలను మన ఇష్టప్రకారం నడపడం గురించి ఇప్పటికీ చదివే పుస్తకం.

15. నిద్రలో సాధకం

అదే ఆలోచన 2012లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కొత్త రూపం ఎత్తింది. కొందరికి మీటల మీద రెండు వరసలు వాయించడం నేర్పి, గంటన్నర పడుకోబెట్టారు. గాఢనిద్రలో ఉండగా వాటిలో ఒకదాన్నే మెల్లగా వినిపించారు. లేచాక ఆ వరసనే తక్కువ తప్పులతో వాయించారు. ఇక్కడ ఒక షరతు ఉంది. ముందు మెలకువలో నేర్చుకున్నదే నిద్రలో గట్టిపడింది. కాబట్టి సాధకం ఎగ్గొట్టి రాత్రి ఫోనులో వర్ణాలు పెట్టుకుని పడుకుంటే వర్ణం రాదు.

16. పీడకలకు మోహన స్వరాల మందు

2022లో జెనీవా పరిశోధకులు తరచు పీడకలలతో బాధపడే 36 మందితో ఒక ప్రయోగం చేశారు. పీడకలను పగలు గుర్తుచేసుకుని, దానికి మంచి ముగింపు ఊహించుకోవడం అందరికీ నేర్పారు. సగం మందికి మాత్రం ఆ ఊహతో పాటు పియానో మీద సీ-సిక్స్‌నైన్ అనే స్వరగుచ్ఛాన్ని వినిపించారు. రెండు వారాల పాటు రాత్రిళ్లు అందరూ కలలు కనే నిద్రలోకి జారగానే తలకు కట్టుకున్న పట్టీ అదే గుచ్ఛాన్ని 10 సెకన్లకోసారి వినిపించేది. పగటి ఊహతో పాటు దాన్ని విన్న జట్టుకు పీడకలలు ఎక్కువగా తగ్గాయి, సంతోషం పెరిగింది. మూడు నెలల తర్వాత కూడా తేడా నిలిచింది. ఆ గుచ్ఛంలోని ఐదు స్వరాలను షడ్జం నుంచి పేర్చి చూడండి: స, రి, గ, ప, ధ. మన మోహన రాగం మెట్లే! అన్నీ ఒక్కసారి పలుకుతాయి గనుక అది రాగం కాదు, సరుకు మాత్రం అదే.

17. ఎవరి కలల్లో ఎక్కువ మోగుతుంది?

2006లో వెలువడిన ఫ్లారెన్స్ విశ్వవిద్యాలయ పరిశోధనలో 35 మంది సంగీతకారులూ, సంగీతంతో పని లేని 30 మందీ రోజూ కలలు రాసిపెట్టారు. సంగీతకారుల కలల్లో సంగీతం రెండింతలకు మించి వినబడింది. రోజుకు ఎన్ని గంటలు సాధకం చేస్తారన్నదానితో దీనికి సంబంధం కనబడలేదు. ఎంత చిన్న వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టారన్నదే తేడా. ఇంకా వింత: వాళ్లకు గుర్తున్న కలల సంగీతంలో సగానికి దగ్గరగా, తెలిసిన పాటల్లో ఎక్కడా లేనిది.

18. పిట్ట కూడా నిద్రలో పాడుకుంటుంది

గొంతు కదలదు, పాట మాత్రం మెదడులో నడుస్తుంది. జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట పగలు పాడేటప్పుడు పాటను నడిపే నాడీకణాలు ఏ వరసలో మెరుస్తాయో, నిద్రలోనూ అప్పుడప్పుడు అదే వరసలో మెరుస్తున్నట్టు షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2000లో చూపించారు. పాట నేర్చుకోవడంలో ఈ నిద్ర సాధకానికీ భాగముందని వాళ్ల ఊహ.

19. ముక్కలెందుకు? మరుపెందుకు?

కళ్లు గిరగిరా తిరిగే నిద్రదశను 1953లో పరిశోధకులు ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించారు. ఉధృతమైన కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. అప్పుడు దృశ్యాలనూ భావోద్వేగాలనూ నడిపే మెదడు భాగాలు జోరు మీద ఉంటాయి. ‘ఇది పొసగుతుందా?’ అని తర్కించే నుదుటి వెనక భాగం మాత్రం మందగిస్తుంది. అందుకే మెట్లు లేని వీణ మనకు అక్కడ వింతగా తోచదు. ఇక మరుపు సంగతి: 2019లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ బృందం, ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాలు ఈ నిద్రదశలో పనిగట్టుకుని జ్ఞాపకాలను చెరిపేస్తున్నట్టు కనిపెట్టింది. బెర్లియోజ్ సింఫనీ ఎటుపోయిందన్న ప్రశ్నకు అది ఒక జవాబు కావచ్చు.

20. రెండు నిమిషాల గిటారు, నలభై నిమిషాల గురక

రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 1965లో ఒక పొద్దున లేచి చూస్తే, మంచం పక్కనున్న క్యాసెట్ రికార్డరులో టేపు చివరిదాకా తిరిగిపోయి ఉంది. రాత్రి కొత్త టేపు పెట్టిన గుర్తు. వెనక్కి తిప్పి విన్నాడు. సుమారు రెండు నిమిషాలు గిటారు మీద ఒక వరస, తర్వాత గిటారు మీట పడేసిన చప్పుడు, ఆపైన నలభై నిమిషాల గురక. ఆ రెండు నిమిషాల్లోంచే ‘శాటిస్‌ఫాక్షన్’ పాట పుట్టింది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు వాయించాడో ఆయనకు తెలియదు. యంత్రం పక్కన లేకపోతే ఆ పాట కూడా లేదు.

21. ఊరంతా అడిగి చూశాడు

బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీకి లండన్ వింపోల్ వీధిలోని ఇంట్లో ఒక వరస కలలో వినబడింది. మంచం పక్కనే పియానో ఉంది. లేచి స్వరాలు వెతుక్కుని వాయించాడు. అంత సులువుగా వచ్చేసరికి అనుమానం పుట్టింది: ఇది ఎక్కడో విన్న పాటేమో! కొన్ని వారాల పాటు కనబడినవారికల్లా వినిపించి, ఇది ఎవరిదో తెలుసా అని అడిగాడు. ఎవరూ నాదనలేదు. అప్పుడు గానీ తనదని ఒప్పుకోలేదు. మాటలు కుదిరేదాకా వరస మరిచిపోకుండా కోడిగుడ్డు పొరుటు మీద ఉత్తుత్తి మాటలు పెట్టి పాడుకున్నాడు. 1965 జూన్ 14న ‘ఎస్టర్‌డే’ రికార్డయింది. గిటారు తనదే, తర్వాత నలుగురి తంత్రీవాద్యాలు జతయ్యాయి, మిగతా ముగ్గురు బీటిల్స్‌కీ అందులో పని లేకపోయింది.

ఈసారి మీ కలలో ఏదైనా మోగితే కదలకుండా కళ్లు మూసుకునే ఒకసారి కూనిరాగం తీయండి. తర్వాత ఫోను అందుకుని, మాటలు లేకపోయినా సరే, గొంతులో ఉన్నదున్నట్టు రికార్డు చేయండి. కాఫీ తాగాక ఇంట్లోవాళ్లకు వినిపించండి. వాళ్లు వెంటనే ‘ఇది ఇళయరాజా పాట కదా’ అనకపోతే, అది మీదే అయ్యే అవకాశం ఉంది. పని మొదలుపెట్టండి.